దయ్యం కాని దొర: గుత్తి గోరీలలో మన్రో కథ

దొరల గోరీలున్న ఊళ్ళలో దయ్యం కథలకు కొదువ ఉండదు. తిరునెల్వేలి సీమలో 1809 నాటి యుద్ధంలో దెబ్బతిని చనిపోయిన ఒక ఇంగ్లీషు అధికారి సమాధి దగ్గర జనం సారాయి, చుట్టలు నైవేద్యం పెట్టి ఆయన్ను శాంతింపజేసేవారని కాల్డ్వెల్ అనే పాదరీ రాసి పెట్టారు. అర్ధాయుష్షుతో, అయినవాళ్ళు లేనిచోట చనిపోయినవాడు దయ్యమవుతాడని మన పల్లెల్లో పాత నమ్మకం.

గుత్తి కోట కొండ కింద కూడా పాత ఇంగ్లీషు వారి సమాధులు ఉన్నాయి. ఆ అధికారి కంటె ఎంతో పెద్ద దొరను 1827లో ఇక్కడ పాతిపెట్టారు. ఆయన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో. జనం లెక్కన చూస్తే దయ్యం కావడానికి తగిన చావే ఆయనది. అయినా ఈ సీమ జనం ఆయన్ను దయ్యం చేయలేదు సరికదా, ఋషిని చేశారు. కారణం తెలియాలంటే ఆయన బతుకు కథ తెలియాలి.

గుడారాల కలెక్టరు

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో పట్టణంలో పుట్టారు. తండ్రి వర్తకుడు. అమెరికా యుద్ధం వల్ల వ్యాపారం దెబ్బతినడంతో కొడుకు కంపెనీ సైన్యంలో చేరి, 1780లో మద్రాసు రేవులో దిగారు. హైదరాలీతోను, టిప్పు సుల్తానుతోను జరిగిన యుద్ధాలలో పాల్గొన్నారు. 1792 తర్వాత బారామహల్‌లో కెప్టెన్ రీడ్ కింద శిస్తు పని నేర్చుకున్నారు.

1800లో నిజాము ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేశారు. దత్తమండలాలనే పేరు అలా వచ్చింది. వీటికి ప్రిన్సిపల్ కలెక్టరుగా మన్రో 1807 వరకు పనిచేశారు. తొలి ఏళ్ళలో ఆయనకు బంగళా కంటె గుడారమే ఎక్కువ. ఊరూరా తిరుగుతూ, ఈ ప్రాంతపు భాషలలోనే రైతులతో మాట్లాడేవారు. 33 అడుగుల గొలుసుతో పొలాలన్నీ కొలిపించారు. ఆ గొలుసు పొడవు, అంతే వెడల్పు కలిస్తే గుంట. నలభై గుంటలు ఒక ఎకరా. నేటికీ మన రైతుల నోట నలిగే లెక్క అదే.

శిస్తు మాట జమీందారుతో కాక నేరుగా రైతుతో తేల్చుకోవడమే ఆయన నెలకొల్పిన రైత్వారీ పద్ధతి. అలాగని ఆయన ధర్మాత్ముడని ఊరకే పొగడనక్కరలేదు. ఆయన వచ్చింది కంపెనీ బొక్కసం నింపడానికే. ఎనభైమంది దాకా పాలెగాళ్ళను అణచింది కూడా ఆయనే. వేసిన శిస్తు సైతం బరువుగానే ఉండేది. అయితే ఆ సంగతి ఆయనే ఒప్పుకుని, నాలుగో వంతు తగ్గించవలసిందిగా 1807లో పైవారికి రాశారు. పైవారు వినలేదు. మన్రో సీమకు వెళ్ళిపోగానే ఊళ్ళను గుత్తలకిచ్చారు. గుత్తేదార్ల చేతిలో రైతులు చితికిపోయారు. 1820లో మన్రో గవర్నరయ్యాక మళ్ళీ రైత్వారీ వచ్చింది, శిస్తులూ తగ్గాయి.

బంగారు తోరణం

ఈ దొర చుట్టూ అల్లుకున్న కథలలో రెండింటిని ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదటిది మంత్రాలయం కథ. 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి మఠం ఇనాము భూమిని విచారించడానికి మన్రో అక్కడికి వెళ్ళారట. టోపీ, జోళ్ళు తీసి బృందావనం ఎదుట నిలబడి, ఎవరితోనో చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడారట. వెంట ఉన్నవారికి ఆ రెండో మనిషి కనిపించలేదు, ఆ మాట వినిపించలేదు. స్వామి ఇచ్చిన అక్షతలతో దొర తిరిగివచ్చి ఇనామును నిలబెట్టారని కథ.

రెండవది కడప సీమలోని గండి కథ. లంక నుంచి మరలివచ్చే రాముడికి స్వాగతంగా పాపాఘ్ని నది గండిలో, రెండు కొండల నడుమ వాయుదేవుడు బంగారు తోరణం కట్టాడని ప్రతీతి. అది మామూలు కళ్ళకు కనబడదు. ఆ దారిన పోతున్న మన్రో తలెత్తి చూసి, ఈ తోరణం ఎవరు కట్టారని అడిగారట. తక్కినవారికి ఏమీ కనబడలేదు. తోరణం పుణ్యాత్ములకే కనిపిస్తుందని, కనిపించినవాడు ఎంతో కాలం బతకడని అక్కడివారు లోలోపల బాధపడ్డారట.

పత్తికొండలో ఆఖరి రాత్రి

1826లో బిడ్డకు జబ్బు చేయడంతో భార్య ఆ బిడ్డను తీసుకుని ఇంగ్లండు వెళ్ళారు. మన్రో అప్పటికే పదవి వదులుకుంటానని రాసి, రావలసిన కొత్త గవర్నరు కోసం ఎదురుచూస్తున్నారు. పోయేముందు దత్తమండలాలను ఒకసారి చూసి రావాలని 1827 వేసవి చివర బయలుదేరారు. దారిలో కలరా ఉన్నది. జులై 6న పత్తికొండలో ఉదయం జబ్బు పట్టుకున్నది. రాత్రికి ప్రాణం పోయింది. ఆయనకు అరవై ఆరేళ్ళు. శవాన్ని గుత్తికి తెచ్చి పాతిపెట్టారు.

అయినవాళ్ళు లేరు, దేశం పరాయిది, వచ్చినది మహమ్మారి. అయినా జనం ఆ గోరీకి భయపడి సారాయి పోయలేదు. మండవ ఋషే మళ్ళీ పుట్టాడన్నారు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. తగ్గించమని రాసిన ఆ నాలుగో వంతు శిస్తు దయ్యం కథను రానివ్వలేదని అనుకోవచ్చు. గుత్తేదార్ల దెబ్బ తిన్న రైతుకు, తన తప్పు తానే ఒప్పుకున్న దొర గుర్తుండిపోయాడు.

1831లో మన్రో అస్థికలను గుత్తి నుంచి మద్రాసు కోటలోని సెంట్ మేరీ చర్చికి తరలించారు. 1839లో మద్రాసులో ఆయన గుర్రపు విగ్రహాన్ని నిలిపారు. ఆ గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు. పత్తికొండలో ఆయన పేరిట మెట్లబావి తవ్వించి చుట్టూ చింతతోపు వేశారు. గుత్తిలో సత్రం కట్టించారు. విగ్రహం పట్నం వారికి దక్కింది. దారిన పోయే రైతుకు కావలసిన నీళ్ళు, నీడ మాత్రం ఈ సీమలోనే వెలిశాయి.