మదర్ థెరిసా – హోంబోలో విషాదం

బేగంపేట విమానాశ్రయం 2008 మార్చి వరకు హైదరాబాదు నగరానికి ఆకాశద్వారంగా ఉండేది. ప్రముఖులెవరైనా ప్రయాణమవుతున్నారంటే సాగనంపడానికి జనం మూగడం అమీర్‌పేట, పంజాగుట్ట వాసులు ఎరిగిన సంగతే. అయితే అక్కడ జనానికీ విమానానికీ నడుమ గోడలుండేవి, కావలి ఉండేది. తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా దేశంలో, హోంబోలో అనే పల్లెలో, 1986 అక్టోబరులో మదర్ థెరిసాను సాగనంపవచ్చిన వారికి అటువంటి రక్షణ లేకపోయింది. అక్కడిది మట్టి రన్‌వే. కుష్ఠరోగుల ఆశ్రమాన్ని చూచి ఆమె తిరుగు ప్రయాణమైన చిన్న విమానం పైకి లేవకముందే దారితప్పి జనం మీదికి దూసుకుపోయింది. ఐదుగురు మరణించారు. వారిలో ఆమె సంస్థకు చెందిన ఒక సిస్టరు ఉన్నారు, పసివారూ ఉన్నారు. విమానంలోని ఆమెకు మాత్రం గాయమైనా కాలేదు.

అప్పటికి ఆమె వయస్సు 76 సంవత్సరాలు. ఎడబాటు ఆమెకు చిన్ననాటి నుండి పరిచితమే. 1910 ఆగస్టు 26న స్కోప్యే పట్టణంలో అల్బేనియన్ కుటుంబంలో జన్మించిన ఆగ్నెస్, బాల్యంలోనే, 1919లో, తండ్రిని పోగొట్టుకొన్నారు. 1928లో, పదునెనిమిదవ యేట, లొరెటో సన్యాసినుల సంఘంలో చేరడానికై ఇల్లు విడిచారు. ఆ తరువాత తల్లిని ఆమె మరల చూడనే లేదు. దేశదేశాల ప్రభుత్వాలు గౌరవించిన ఆమెకు అల్బేనియా ప్రభుత్వం ఆ అవకాశం ఇవ్వలేదు. తల్లి 1972లో టిరానాలో కన్నుమూశారు.

1929 జనవరిలో కలకత్తా చేరిన ఈమె, సెయింట్ మేరీస్ పాఠశాలలో చాలకాలం భూగోళం, చరిత్ర బోధించారు. ప్రధానోపాధ్యాయిని కూడా అయ్యారు. 1948లో ఆ పదవినీ ఆ భవనాలనూ విడిచి, నీలపు అంచు తెల్లచీర కట్టి, మోతీఝీల్ మురికివాడలో నేలమీద పుల్లతో అక్షరాలు వ్రాసి పిల్లలకు చదువు చెప్పారు. బల్లలూ పలకలూ లేని ఆ బడి ఉపాధ్యాయలోకం తలచుకోదగినది. 1950లో మిషనరీస్ ఆఫ్ చారిటీ సంస్థ ఏర్పడింది. 1952లో కాళీఘాట్ వద్ద మరణాసన్నుల కోసం ఆశ్రమం వెలసింది. పిదప సంస్థ శాఖలు ఖండాంతరాలకు వ్యాపించాయి.

తెలుగువారికి ఆమె రాక తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి, పదివేలకు పైబడి ప్రాణాలు తీసినపుడు ఆమె ఆ బాధితుల చెంతకు వచ్చారు. అచట ఆమె రాకయే ఒక ఊరట. హోంబోలోలో అదే రాక మరణానికి నిమిత్తమయింది! తాను రాకపోయి ఉంటే ఇది జరిగేది కాదు గదా అని ఆమె పలుమార్లు వాపోయారు. న్యాయస్థానం ఈ లెక్కలో ఆమెకు దోషం అంటగట్టదు; కాని తనను చూడవచ్చిన పసివారే పోయినపుడు న్యాయస్థానపు తీర్పు ఎవరికి ఊరట?

భక్తురాలు గనుక ఆమెకు ప్రార్థనలో ఓదార్పు సిద్ధంగా ఉండి ఉంటుందని మనం అనుకొంటాము. 2007లో ప్రకటితమైన ఆమె లేఖలు ఆ ఊహను తారుమారు చేశాయి. దేవుని సాన్నిధ్యం తనకు తోచడం లేదనే చీకటి ఆమెను దశాబ్దాల తరబడి వేధించింది. నిత్యం వెంట ఉన్న సిస్టర్లలో పెక్కుమంది ఆ సంగతి ఎరుగరు. ఆమె ఆశ్రమాలలో వైద్యప్రమాణాలు చాలవన్న విమర్శ కూడ ఉన్నది, అది త్రోసివేయదగినది కాదు. అయినను, లోపల వెలుగు లేకుండానే పరుల దుఃఖం చెంత నిలువగలిగిన మనిషిగా నాకు ఆమె మరింత దగ్గరగా తోస్తారు.

హోంబోలో తరువాత కూడ ప్రయాణాలు ఆగలేదు. 1989లో గుండెకు పేస్‌మేకర్ అమర్చారు. 1990లో బాధ్యత నుండి విడుదల కోరితే సిస్టర్లు తిరిగి ఆమెనే ఎన్నుకొన్నారు. 1997 మార్చిలో సిస్టర్ నిర్మల ఆ స్థానానికి వచ్చారు. అదే సంవత్సరం సెప్టెంబరు 5న, మన దేశం ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకొనే రోజున, ఒకనాటి ఆ భూగోళం పంతులమ్మ కలకత్తాలో కన్నుమూశారు.