టామస్ మిడ్జిలీ: ప్రజ్ఞయు బాధ్యతయు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, బీవర్ ఫాల్స్ పట్టణమందు 1889 మే 18వ తేదీన టామస్ మిడ్జిలీ జన్మించెను. కార్నెల్ విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రము నభ్యసించి 1911లో పట్టభద్రుడయ్యెను. 1916లో డేటన్ నగరమున చార్లెస్ కెటరింగ్ పరిశోధనశాలలో చేరెను.

ఆనాటి మోటారుకార్లకు ‘నాకింగు’ అను జాడ్యముండెను. సిలిండరులో పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమము నిప్పురవ్వచే అంటుకొని క్రమముగా దహనము కావలెను. కాని మంట చేరకమునుపే, ఒత్తిడికి వేడెక్కిన చివరిభాగము తనంత తానే భగ్గుమనును. అప్పుడు ఇంజను టకటకలాడును, శక్తి తగ్గును, లోహము దెబ్బతినును.

ఇంధనమునకు ఎఱ్ఱరంగు వేసినచో అది వేడిని త్వరగా గ్రహించి ముందే ఆవిరి యగునని మిడ్జిలీ ఊహించెను. రంగు దొరకక అయొడినును కలిపెను. చప్పుడు తగ్గెను! కాని తక్కిన ఎఱ్ఱరంగు లేవియు పనిచేయలేదు. గుణము రంగులో గాక అయొడినులోనే కలదని తేలెను. తప్పు ఊహయే సరియైన త్రోవ చూపెను. అటుపై పదార్థము వెనుక పదార్థమును పరీక్షించెను. టెల్లూరియపు దుర్గంధము ఆయన బట్టలను వదలకుండెను. తుదకు మూలకముల ఆవర్తనపట్టిక నాధారము చేసికొని సీసమును చేరెను. 1921 డిసెంబరు 9న సీసపు సమ్మేళనమగు టెట్రా ఇథైల్ లెడ్‌ను పరీక్షింపగా, వేయిపాళ్ల పెట్రోలునకు ఒక్కపాలే చాలెను.

సీసము విషమని అప్పటికే లోక మెఱుగును. మద్యసారము కలిపినను నాకింగు అణగునని మిడ్జిలీయు నెఱుగును. అయినను సీసమే అంగడి కెక్కెను. 1923లో ఆయనయే సీసవిషముచే అస్వస్థుడై సెలవు తీసికొనెను. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని ఒక కర్మాగారమున ఐదుగురు పనివారు మతి చలించి మరణించిరి. ఆ నెల 30న మిడ్జిలీ విలేఖరుల యెదుట ఆ ద్రవముతో చేతులు కడిగికొని, దాని ఆవిరి పీల్చి, భయము లేదని చూపెను. దేహ మెఱిగిన సత్యమును నోరు దాచెను.

1930లో శీతలయంత్రములకై ఫ్రియాన్ వాయువును లోకమునకు ప్రకటించెను. అగ్గి కంటుకొనని, మనుష్యులకు విషము గాని ఆ వాయువే పిమ్మట ఓజోనుపొరకు చేటయ్యెను.

1940లో పోలియో సోకి కాళ్లు పడిపోగా, మంచముపైనుండి లేచుటకు త్రాళ్లతో, కప్పీలతో ఒక సాధనమును తానే కల్పించుకొనెను. 1941లో ప్రీస్ట్లీ పతకము లభించెను. 1944 నవంబరు 2న ఆ సాధనపు త్రాళ్లే కంఠమునకు బిగిసి ఆయన మరణించెను.

సీసము పసివారి మెదళ్లకు హానికరమని తేలినపిమ్మట దేశములు ఒక్కొక్కటిగా దానిని మానినవి. భారతదేశము 2000లోను, చిట్టచివరగా అల్జీరియా 2021లోను సీసపు పెట్రోలును విడిచినవి.

ఇంజను చప్పుడును ఏండ్లతరబడి ఓర్పుతో నాలకించిన మిడ్జిలీ, పనివారి ఆర్తనాదమును మాత్రము ఆలకింపలేదు. ఆయన శ్రద్ధ విద్యార్థులకు ఆదర్శము. ఆయన మౌనము హెచ్చరిక.