యల్లాప్రగడ సుబ్బారావు

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. బాల్యమున ఆయనకు చదువుపై మనసు నిలువలేదు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవమారు మదరాసులో ఉత్తీర్ణుడయ్యెను. తండ్రి గతించిన పిదపను కుమారుని చదువు ఆగకుండుటకు తల్లి పట్టుదలయే కారణము.

మదరాసు వైద్యకళాశాలలో చదువునప్పుడు గాంధీమహాత్ముని పిలుపు విని, ఆయన శస్త్రచికిత్సాశాలకు ఖద్దరు దుస్తులతో వెళ్లెను. ఆంగ్లేయుడైన ఆచార్యునకు ఆగ్రహము కలిగెను. తుదకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువస్థాయిదగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే ఆయనకు లభించెను.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలో తగిలెను. స్ప్రూ అను గ్రహణిరోగమువలన ఆయన సోదరులిద్దరు స్వల్పకాలములోనే మరణించిరి. తిన్న ఆహారము ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి చిక్కి శల్యమగుట ఆ రోగలక్షణము. వైద్యము నేర్చినవాడైనను సుబ్బారావు చేయగలిగినది లేకపోయెను. ఆ వ్యాధిని కుదుర్చు మందు అప్పటికి ఎవ్వరియొద్దను లేదు.

మందులకొఱకు పరిశోధన చేయవలెనను సంకల్పముతో, మామగారి సాయము పొంది, భార్య శేషగిరిని స్వదేశమున విడిచి, 1923వ సంవత్సరము అక్టోబరులో ఆయన అమెరికాలోని బోస్టన్ నగరము చేరెను. పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచు, రాత్రులు ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగి పొట్టపోసికొనెను. అట్టి దినములలోనే ఫిస్కే అను ఆచార్యునితో కలిసి, రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టెను. 1925లో ప్రకటింపబడిన ఆ పద్ధతి నేటికిని వారిద్దరి పేర్లతోనే పిలువబడుచున్నది.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమునందలి లెడర్లీ పరిశోధనశాలలో చేరి, రెండేండ్లలో పరిశోధనలకు అధ్యక్షుడయ్యెను. రక్తహీనతకు వాడు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయు విధానము, బోదకాలు వ్యాధికి మందు, ఆయన నడిపిన బృందముల కృషివలననే లభించెను.

ఆ కాలమున సూక్ష్మజీవులను చంపు మందులలో పెన్సిలిన్ ప్రసిద్ధమైనది. కాని కడుపులోని ఆమ్లమునకు అది చాలవరకు నశించుటచే సాధారణముగా సూదిమందుగా ఇచ్చుచుండిరి. పెక్కు రోగములపై అది పనిచేయదు కూడ. నోటితో మ్రింగదగిన, ఎక్కువ రోగములకు పనికివచ్చు మందు కావలసియుండెను. పలుచోట్లనుండి మట్టి తెప్పించి, అందలి సూక్ష్మజీవులను పెంచి పరీక్షించుపని డెబ్బదియేండ్లు దాటిన బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు నిర్వహించెను. మిస్సోరీ రాష్ట్రమునందలి ఒక పొలపు మట్టిలో, 1945లో, బంగారువన్నెగల సూక్ష్మజీవి ఆయనకు దొరికెను. దానినుండి తీసిన మందునకు ఆరియోమైసిన్ అని పేరిడిరి. 1948 జూలైలో దానిని వైద్యలోకమునకు వెల్లడించిరి. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదియే మొదటిది.

పిమ్మట ఆ జాతిలో మరికొన్ని మందులు వెలసినవి. ఊపిరితిత్తుల జబ్బులకును, యువకుల ముఖములపై లేచు తీవ్రమైన మొటిమలకును వైద్యులు నేటికిని వీనిని వ్రాయుచున్నారు. ఇంట కూర్చుండి మ్రింగగలుగుట వీని గొప్ప సుగుణము. జాగ్రత్త లేనిచో అదియే కీడు. వైద్యుడు చెప్పక ఈ మందులను కొని వాడరాదు; ఒకరికి వ్రాసినవి మరియొకరు తీసికొనరాదు. జలుబువంటి వైరస్ వ్యాధులకు ఇవి పనిచేయవు. అనవసరముగా వాడినచో సూక్ష్మజీవులు మందునకు లొంగని శక్తిని సంపాదించును. అపుడు నిజముగా అవసరమైన రోగికి మందు ఉండియు లేనట్లే యగును. చెప్పిన మోతాదును చెప్పినన్ని దినములే వాడవలెను. మొటిమలకైనను పైపూతమందుతో కలిపి కొన్ని నెలలకు మించి సాధారణముగా వ్రాయరు.

టెట్రాసైక్లిన్ మాత్రను పాలతోగాని, ఇనుము కలిగిన మాత్రలతోగాని మ్రింగినచో అది ఒంటికి సరిగా పట్టదు. నిండుగ్లాసెడు నీటితో మ్రింగి, వెంటనే పడుకొనక యుండవలెను. లేనిచో అన్నవాహిక పుండుపడవచ్చును. ఎండకు చర్మము కమలవచ్చును. ఎదుగు పండ్లకు మరక పట్టించును గనుక గర్భిణులకును, ఎనిమిదేండ్లలోపు పిల్లలకును సాధారణముగా దీనిని ఇయ్యరు.

ఆరియోమైసిన్ వెల్లడియైన కొలదిదినములకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు తన ఏబదిమూడేండ్ల వయసున నిద్రలోనే కన్నుమూసెను. స్వదేశమునకు ఆయన మరల రాలేదు. 1995లో ఆయన శతజయంతి సందర్భమున భారత ప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను.

ఆయన సోదరులను బలిగొన్న స్ప్రూ రోగమునకు నేడు చికిత్స కలదు. ఫోలిక్ ఆమ్లమును, టెట్రాసైక్లిన్ మందును కొన్ని నెలలపాటు ఇచ్చి దానిని నయముచేయుచున్నారు. ఒకటి ఆయన పరిశోధనశాలలో తయారైనది. రెండవది అచట పుట్టిన ఆరియోమైసిన్ వంశములోనిది. అన్నదమ్ములకు ఇయ్యలేకపోయిన మందును ఆయన లోకమునకు ఇచ్చిపోయెను. దానిని వృథా చేయక, తగిన రోగికి తగినట్లు వాడుకొనుటయే ఆయనకు చూపదగిన కృతజ్ఞత.