శ్రీకృష్ణదేవరాయలు – తిరుమల దానాలు

శ్రీకృష్ణదేవరాయలు (పాలన: 1509 – 1529) విజయనగర సామ్రాజ్యాన్ని పాలించిన తుళువ వంశపు చక్రవర్తి. ఆంధ్రభోజుడు, సాహితీ సమరాంగణ సార్వభౌముడు అనే బిరుదులతో తెలుగువారికి సుపరిచితుడు. తిరుమల వేంకటేశ్వరస్వామికి ఆయన సమర్పించిన దానాలు రెండు విధాలుగా ఉన్నాయి. మొదటిది ఒకేసారి ఇచ్చిన బంగారం, ఆభరణాలు, నాణేలు. రెండవది ఏటేటా రాబడి వచ్చే గ్రామాలు. ఒక పెద్ద మొత్తాన్ని ఒక్కసారిగా పొందడం మేలా, లేక అదే విలువను ఏటేటా కొంత చొప్పున పొందడం మేలా అన్న ప్రశ్నకు ఈ దానాలు, వాటి అనంతర చరిత్ర మంచి ఉదాహరణ. ఈ వ్యాసంలో రాయల జీవిత విశేషాలు ఆ దానాలను ప్రధానంగా తీసుకొని వివరించబడినవి.

జననం, పట్టాభిషేకం

రాయల తండ్రి తుళువ నరసనాయకుడు, తల్లి నాగలాంబ. నరసనాయకుడు సాళువ వంశపు రాజుల వద్ద సేనానిగా ఉండి క్రమంగా రాజ్యాధికారాన్ని చేతిలోకి తెచ్చుకొన్నాడు. ఆయన తరువాత పెద్ద కుమారుడు వీరనరసింహరాయలు, అతని అనంతరం 1509లో సవతి తమ్ముడైన కృష్ణరాయలు సింహాసనం అధిష్టించారు. రాయలు రాజ్యానికి వచ్చునాటికి ఉత్తరాన బహమనీ సుల్తానులు, తూర్పున ఉదయగిరి మొదలు కొండవీడు వరకు ఆక్రమించిన కళింగ గజపతులు ప్రధాన శత్రువులు. మహామంత్రి తిమ్మరుసు ఆయనకు అండగా నిలిచాడు. తల్లి పేరిట చిత్తూరు సీమలోని నాగలాపురంలో వేదనారాయణస్వామి ఆలయాన్ని రాయలు అభివృద్ధి చేసినట్లు ప్రసిద్ధి.

తిరుమల యాత్రలు

రాయలు తిరుమలను ఏడు పర్యాయాలు దర్శించినట్లు చరిత్రకారులు చెబుతారు. వీటి వివరాలు ఆలయ కుడ్యాలపై తమిళ, తెలుగు, కన్నడ భాషలలో చెక్కించబడినవి. వాటిలో ముఖ్యమైనవి:

* 1513 ఫిబ్రవరి 10: దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవిలతో కలిసి తొలి దర్శనం. నవరత్న కిరీటం, హారతికి 25 వెండి పళ్ళెములు సమర్పణ. స్వామివారి పాల ఆరగింపునకు దేవేరులు బంగారు గిన్నెలు సమర్పించారు.
* 1513 మే 2, జూన్ 13: మరల దర్శనం. ఆభరణాలతో పాటు నిత్య నైవేద్యాలకు, ఉత్సవాలకు గ్రామాలు సమర్పణ.
* 1514 జూలై 6: ఉదయగిరి దుర్గ విజయం తరువాత 30,000 బంగారు నాణేలతో స్వామివారికి కనకాభిషేకం. అదే సందర్భంలో తన పేరిట నిత్య నైవేద్యానికి తాళ్ళపాక గ్రామ దానం.
* 1517 జనవరి 2: కళింగ దండయాత్ర అనంతరం దర్శనం. ఆనందనిలయ విమానానికి బంగారు తాపడం నిమిత్తం 30,000 నాణేలు సమర్పణ. ఈ పని 1518లో పూర్తయినది.
* 1521 ఫిబ్రవరి 17: నవరత్నాలు పొదిగిన పీతాంబరం, కుళ్ళాయి, 10,000 నాణేలు సమర్పణ.

వీటిలో 1514 జూలై నాటి దానం గమనించదగినది. రాశిగా పోసిన బంగారం, ఏటేటా పంటనిచ్చే గ్రామం రెండూ ఒకే సందర్భంలో సమర్పించబడినవి. నేటి రాజంపేట సమీపంలోని ఈ తాళ్ళపాక పదకవితా పితామహుడు అన్నమాచార్యుని స్వగ్రామం.

రెండు విధాల దానాల ప్రయోజనం

కనకాభిషేకం, విమాన తాపడం వంటి దానాలు విజయానికి కృతజ్ఞతగా చేసినవి. వాటి ఫలితం వెంటనే కంటికి కనిపిస్తుంది. అయితే ఆభరణం వల్ల దీపానికి నెయ్యి రాదు, తాపడం వల్ల ప్రసాదానికి బియ్యం రాదు. నిత్య నైవేద్యం ఆగకుండా జరగాలంటే ప్రతి సంవత్సరం ధాన్యం, నెయ్యి, పెసలు, బెల్లం, చందనం వంటి సామగ్రి కావలెను. అందుకే ప్రభువులు గ్రామాలను ధారపోసేవారు. గ్రామదానం అంటే ఆ గ్రామం నుండి రాజుకు రావలసిన రాబడిని దేవునికి మళ్ళించడం. భూమిని సాగు చేసే రైతులు యథాప్రకారం ఉండగా, రాజభాగం మాత్రం ఆలయానికి చేరేది.

శ్రీభండారం పద్ధతి

రాజులు కానివారికి గ్రామాలు దానమిచ్చే అవకాశం తక్కువ. వర్తకులు, ఆలయ ఉద్యోగులు, ఆచార్య పురుషులు ఎక్కువగా నగదునే సమర్పించేవారు. ఆ నగదును ఆలయ ఖజానా అయిన శ్రీభండారంలో ఊరక ఉంచేవారు కారు. స్థానత్తారులు అనబడే ఆలయ నిర్వాహకులు ఆ సొమ్ముతో దేవుని గ్రామాలలో చెరువులు, కాలువలు త్రవ్వించేవారు. నీటి వసతి పెరగడం వలన వచ్చిన అదనపు పంట నుండి దాత కోరిన కైంకర్యం ప్రతి యేటా జరిపేవారు. ఈ ఒప్పందం ఆచంద్రార్కం సాగవలెనని శిలాశాసనం వేయించేవారు. నైవేద్యమైన ప్రసాదంలో నాలుగవ వంతు దాతకు, తరువాత అతని వారసులకు చెందడం ఆనవాయితీ.

అనగా ఒకేసారి వచ్చిన మొత్తం చెరువు రూపంలో శాశ్వతమైన ఏటి రాబడిగా మారేది. వర్షపాతం తక్కువైన రాయలసీమలో ఈ పద్ధతి రైతుకు, ఆలయానికి కూడా మేలు చేసినది. అయితే చెరువు పూడిపోకుండా, కట్ట తెగిపోకుండా చూచుకొన్నంత కాలమే ఈ రాబడి నిలుస్తుంది.

ఆముక్తమాల్యదలో అర్థనీతి

రాయలు రచించి శ్రీవేంకటేశ్వరునికి అంకితమిచ్చిన ఆముక్తమాల్యద ప్రబంధంలో రాజనీతి భాగం ప్రసిద్ధమైనది. రాజ్య విస్తీర్ణం తక్కువైనా చెరువులు, కాలువలు త్రవ్వించి, పేద రైతుకు పన్ను తగ్గించినచో ధనం వృద్ధి చెందుతుందని అందులో బోధించాడు. రాజు తన ఆదాయాన్ని నాలుగు భాగాలు చేసి, రెండు భాగాలు సైన్యానికి, ఒకటి దాన భోగాలకు, ఒకటి కోశానికి వినియోగించవలెనని కూడా ఇందులో కలదు. వచ్చినదంతా వ్యయం చేయక, కొంత భాగాన్ని వృద్ధి కొరకు, కొంత భాగాన్ని ఆపద కొరకు నిలుపుకొనవలెనన్నది దీని సారాంశం.

చివరి రోజులు

రాయలు 1520లో రాయచూరు యుద్ధంలో బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించాడు. 1524లో చిన్నవయసులోనే ఉన్న తన కుమారుడు తిరుమలరాయలకు పట్టాభిషేకం చేశాడు. కాని ఆ బాలుడు అనతికాలంలోనే మరణించాడు. ఈ మరణానికి కారకుడన్న అనుమానంతో తిమ్మరుసును చెరసాలలో ఉంచారు. తన తరువాత చంద్రగిరి కోటలో ఉన్న తమ్ముడు అచ్యుతరాయలు రాజు కావలెనని రాయలు నిర్ణయించాడు. కర్ణాటకలోని తుమకూరు జిల్లా హొన్నేనహళ్ళిలో లభించిన శాసనం ప్రకారం రాయల మరణ తేదీ 1529 అక్టోబరు 17. ఈ శాసన విషయం 2022లో వెలుగులోకి వచ్చినది.

దానాల అనంతర చరిత్ర

అచ్యుతరాయల కాలంలోనూ తిరుమలకు దానాలు విరివిగా కొనసాగాయి. 1565లో రాక్షసి తంగడి (తళ్ళికోట) యుద్ధంలో విజయనగరం ఓటమి పాలైన తరువాత రాజధాని పెనుగొండకు, తదుపరి చంద్రగిరికి మారినది. సామ్రాజ్యం క్షీణించిన కొలదీ రాజభాగాన్ని ఆలయానికి మళ్ళించగల అధికారమూ క్షీణించినది. 18వ శతాబ్దంలో ఆర్కాటు నవాబులు తిరుమల ఆలయ ఆదాయాన్నే తమ ఖజానా రాబడిగా పరిగణించారు. నవాబు బాకీల కారణంగా ఆ రాబడి ఈస్టిండియా కంపెనీకి చేరినది. 1801లో కర్ణాటక రాజ్యం కంపెనీ వశమైనది. 1843లో ఆలయ నిర్వహణ హాథీరాంజీ మఠం మహంతులకు, 1933లో తిరుమల తిరుపతి దేవస్థానములకు సంక్రమించినది.

ఈ కాలంలోనే మద్రాసు ప్రెసిడెన్సీలోని పలు దేవాలయాల భూములను ప్రభుత్వం స్వాధీనం చేసుకొని, వాటికి బదులుగా తస్దీకు అనే ఏటి నగదు భత్యం నిర్ణయించినది. భూమి నుండి వచ్చే ధాన్యం విలువ ధరలతో పాటు పెరుగుతుంది. స్థిరపరచిన నగదు భత్యం మాత్రం పెరగదు. కాలక్రమంలో ఈ భత్యాలు నామమాత్రమైపోయాయి.

ఒకేసారి ఇచ్చిన దానాలు మరొక విధంగా నిలిచినవి. ఆనందనిలయ విమానానికి 20వ శతాబ్దంలో కొత్తగా బంగారు తాపడం చేసినప్పటికీ, రాయలు చేయించిన స్వర్ణమయ రూపమే నేటికీ కొనసాగుతున్నది. తరువాత 17వ శతాబ్దంలో మట్లి రాజులు అలిపిరి కాలిబాటలో కట్టించిన మెట్లు, గోపురం కూడా ఈ కోవకు చెందినవే.

రెండు పద్ధతుల పోలిక

ఈ ప్రశ్న దేవాలయాలకే పరిమితం కాదు. కోస్తాలోని ఉత్తర సర్కారుల నిమిత్తం ఈస్టిండియా కంపెనీ నిజాముకు ఏటా 7 లక్షల రూపాయల పేష్కషు చెల్లించవలసి ఉండేది. 1823లో సుమారు 1 కోటి 16 లక్షల రూపాయలు ఒకేసారి పొంది నిజాం ఈ హక్కును శాశ్వతంగా వదులుకొన్నాడు. ఇది దాదాపు పదహారున్నర సంవత్సరాల పేష్కషుతో సమానం. ఆ సొమ్ము పామర్ కంపెనీ అప్పు తీర్చడానికే వినియోగమైనది. అప్పు తీరినది కాని ఏటి రాబడి మిగలలేదు. నేడు పదవీ విరమణ పొందే ఉద్యోగి పెన్షనులో కొంత భాగాన్ని వదులుకొని ఒకేసారి సొమ్ము తీసుకొనే కమ్యుటేషను కూడా ఇటువంటిదే. అమెరికాలోని పవర్‌బాల్ లాటరీలో ప్రథమ బహుమతి పొందినవారు 29 సంవత్సరాలలో 30 వాయిదాలుగా గాని, కొంత తగ్గించిన మొత్తాన్ని ఒకేసారి గాని ఎంచుకొనవలెను.

తిరుమల దానాల చరిత్రను బట్టి గమనించదగిన అంశాలు:

* ఏటి రాబడి, చెల్లించేవారి అధికారం నిలిచినంత కాలమే నిలుస్తుంది.
* నగదుగా స్థిరపరచిన ఏటి రాబడి విలువ ధరలు పెరిగిన కొలదీ తగ్గుతుంది.
* ఒకేసారి పొందిన మొత్తం, పొందినవారి వివేకాన్ని బట్టి నిలుస్తుంది. అప్పులకు పోయినచో మరల రాదు, చెరువుగా మారినచో తరతరాలకు పంటనిస్తుంది.

స్మారకాలు

తిరుమల ఆలయ మహాద్వారం దాటిన వెంటనే కుడివైపు ఉన్న మండపంలో రాయలు, తిరుమలదేవి, చిన్నాదేవిల విగ్రహాలు చేతులు జోడించి నిలిచి ఉంటాయి. రాయల దాన శాసనాలు తిరుమల తిరుపతి దేవస్థానముల శాసన సంపుటాలలో ముద్రించబడినవి.