బహిష్కృతుడికి బతుకునిచ్చిన దొంగతనం
'రిఫిఫి' దర్శకుడు జూల్స్‌ డాసిన్‌ జీవితరేఖలు

మాట లేదు. పాట లేదు. నేపథ్య సంగీతమూ లేదు. నలుగురు దొంగలు ఒక నగల దుకాణాన్ని కొల్లగొట్టే దృశ్యం తెరపై దాదాపు అరగంట సాగుతుంది. ప్రేక్షకుడు మాత్రం ఊపిరి బిగబట్టి చూస్తాడు. 1955లో వచ్చిన ఫ్రెంచి చిత్రం 'రిఫిఫి' దోపిడీ కథాచిత్రాలకు ఒరవడి దిద్దింది. దానిని తీసిన జూల్స్‌ డాసిన్‌ అప్పటికి అయిదేళ్లుగా పనిలేక అలమటిస్తున్న అమెరికన్‌.

క్షురకుని ఇంట పుట్టి...
1911 డిసెంబర్‌ 18న అమెరికాలోని కనెక్టికట్‌ రాష్ట్రం మిడిల్‌టౌన్‌లో డాసిన్‌ జన్మించారు. రష్యా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం వారిది. తండ్రి క్షురవృత్తిలో ఉండేవారు. ఎనిమిదిమంది సంతానంలో డాసిన్‌ ఒకరు. న్యూయార్క్‌లోని హార్లెంలో పెరిగారు. యిడ్డిష్‌ నాటకరంగంలో నటుడిగా తొలి అడుగులు వేశారు. ఆ రోజుల్లోనే కమ్యూనిస్టు పార్టీలో చేరి, 1939లో హిట్లర్‌-స్టాలిన్‌ ఒప్పందం కుదిరాక బయటకు వచ్చేశారు.

అనంతరం హాలీవుడ్‌ చేరి 'బ్రూట్‌ ఫోర్స్‌' (1947), 'ది నేకెడ్‌ సిటీ' (1948), 'థీవ్స్‌ హైవే' (1949) చిత్రాలతో పేరు గడించారు. 'ది నేకెడ్‌ సిటీ'ని స్టూడియో గోడల మధ్య గాక న్యూయార్క్‌ వీధుల్లో చిత్రీకరించడం అప్పట్లో విశేషం.

తోటివారే పేరు చెప్పారు
అమెరికాలో కమ్యూనిస్టుల వేట ముమ్మరమైన కాలమది. 1951లో ప్రతినిధుల సభ విచారణ సంఘం ఎదుట తోటి దర్శకులు ఎడ్వర్డ్‌ డిమిట్రిక్‌, ఫ్రాంక్‌ టటిల్‌ ఆయన పేరు వెల్లడించారు. దానితో హాలీవుడ్‌ తలుపులు మూసుకుపోయాయి. కుటుంబంతో ఫ్రాన్స్‌ వెళ్లినా ఆ నీడ వదలలేదు. 1953లో అక్కడ చేతికందిన చిత్రం కూడా అమెరికా ఒత్తిడి వల్ల ప్రారంభదశలోనే చేజారింది.

అక్కరకు వచ్చిన నవల
ఈ స్థితిలో ఆగస్ట్‌ లె బ్రెతాఁ 1953లో రాసిన నేర నవలను తెరకెక్కించే అవకాశం వచ్చింది. నేరస్తుల యాసతో నిండిన ఆ పుస్తకం డాసిన్‌కు నచ్చలేదు. అందులోని జాతి విద్వేషం మరీ వెగటు కలిగించింది. అయినా ఇల్లు గడవాలి గనుక అంగీకరించారు. నవలలో కొద్ది పుటల్లో ముగిసిన దొంగతనాన్ని చిత్రానికి గుండెకాయగా మలిచారు.

దొంగలు పైఅంతస్తు నేలకు రంధ్రం చేస్తారు. పెళ్లలు కిందపడి చప్పుడు కాకుండా ఆ రంధ్రంలోంచి గొడుగు దించి విప్పుతారు. అలారం గంట మోగకుండా అందులో నురగ నింపుతారు. సంగీత దర్శకుడు జార్జ్‌ ఓరిక్‌ ఈ ఘట్టానికి బాణీలు కట్టారు. సంగీతం లేకుండా కూడా చూసిన పిమ్మట, అవసరం లేదని ఆయనే ఒప్పుకున్నారు.

అనుకున్న నటుడు అందుబాటులో లేకపోవడంతో ఇనప్పెట్టెలు తెరిచే సీజర్‌ పాత్రను డాసిన్‌ మారుపేరుతో తానే ధరించారు. కాజేసిన ఉంగరాన్ని సీజర్‌ ఒక గాయనికి కానుకగా ఇవ్వడంతో గుట్టు బయటపడుతుంది. ప్రాణభయంతో అతడు సహచరుని పేరు చెబుతాడు. అందుకు శిక్షగా ముఠా నాయకుడు టోనీ అతణ్ని కాల్చి చంపుతాడు. ఈ ఘట్టం తీసేటప్పుడు తనకు ద్రోహం చేసిన మిత్రులే మనసులో మెదిలారని డాసిన్‌ తదనంతర కాలంలో వెల్లడించారు. పేర్లు చెప్పినవారి వల్ల నష్టపోయిన మనిషి, పేరు చెప్పి ప్రాణం పోగొట్టుకునే పాత్రలో తానే నిలవడం విచిత్రం.

స్వల్ప వ్యయంతో, పేరున్న తారలు లేకుండా తీసిన ఈ చిత్రం 1955 కాన్‌ చిత్రోత్సవంలో ఆయనకు ఉత్తమ దర్శకుడి పురస్కారం తెచ్చిపెట్టింది. దొంగలకు పాఠాలు నేర్పుతుందన్న భయంతో కొన్ని దేశాలు దీనిని నిషేధించాయి.

గ్రీసుతో అనుబంధం
ఆ ఉత్సవంలోనే గ్రీకు నటి మెలీనా మెర్కూరితో పరిచయమైంది. ఆమెతో తీసిన 'నెవర్‌ ఆన్‌ సండే' (1960) డాసిన్‌కు దర్శకత్వంలో ఆస్కార్‌ నామినేషన్‌ సంపాదించింది. ఎరిక్‌ ఆంబ్లర్‌ నవల ఆధారంగా 1964లో మరో దొంగతనం కథ 'టోప్‌కాపి' రూపొందించారు. ఇస్తాంబుల్‌ మ్యూజియంలోని పచ్చల బాకును కాజేయడానికి దొంగ పైకప్పు నుంచి తాడుతో దిగే దృశ్యం ప్రసిద్ధం. 'మిషన్‌ ఇంపాజిబుల్‌' (1996) చూసినవారికి అది పరిచితంగానే తోస్తుంది.

1966లో డాసిన్‌, మెర్కూరి వివాహం చేసుకున్నారు. మరుసటి ఏడాదే గ్రీసులో సైనిక పాలన వచ్చింది. దానిని వ్యతిరేకించినందుకు మెర్కూరి పౌరసత్వం రద్దయింది. డాసిన్‌కు ఇది రెండో ప్రవాసం. 1974లో నియంతృత్వం కూలాక దంపతులు ఏథెన్స్‌ చేరారు. 1981లో సాంస్కృతిక మంత్రి అయిన మెర్కూరి, బ్రిటిష్‌ మ్యూజియంలోని పార్థెనాన్‌ శిల్పాలను తిరిగి రప్పించేందుకు ఉద్యమించారు.

1994లో ఆమె కన్నుమూశాక డాసిన్‌ ఆ బాధ్యతను తలకెత్తుకుని, ఆమె పేరిట ఏర్పాటైన సంస్థను నడిపారు. 2008 మార్చి 31న 96వ ఏట ఏథెన్స్‌లో తుదిశ్వాస విడిచారు. ఆ శిల్పాల కోసం చోటు కేటాయించి కట్టిన అక్రోపోలిస్‌ మ్యూజియం 2009 జూన్‌లో ప్రారంభమైంది. దానిని చూసే భాగ్యం మాత్రం ఆయనకు దక్కలేదు.