ఇల్లు, బడి, ఆసుపత్రి: దుర్గాబాయమ్మ వేసిన దారి

అడయార్ వైపు వెళ్ళినవాళ్ళకి దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు తెలిసే ఉంటుంది. ఆంధ్ర మహిళా సభ ఆసుపత్రి కూడా అక్కడే. ఆమె గురించి మనలో చాలామందికి తెలిసింది మాత్రం ఒక మార్కు ప్రశ్నకి సరిపడేంతే. డిగ్రీ అయ్యాక ఏం చేద్దామా అని మన క్లాసులో ఇప్పటినుంచే మాటలు నడుస్తున్నాయి. ఒకరు బి.ఇడి. అంటారు, ఒకరు నర్సింగ్ వైపు వెళ్ళి ఉంటే బాగుండేది అంటారు. నాకేమో సోషల్ వర్క్‌లో ఎం.ఏ. చేయాలని ఉంది. ఈ మూడూ వేర్వేరు దారులు కావని నాకు ఆమె జీవితం చదివాకే అర్థమైంది. అందుకే ఈసారి గోడపత్రికకి ఆమె గురించి రాస్తున్నాను.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పదిహేనేళ్ళు వచ్చాక ఆ కాపురం తనకి వద్దని చెప్పేశారు. తండ్రి, తమ్ముడు ఆమె మాటకే నిలబడ్డారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. చాలా ఏళ్ళ తర్వాత ఆ భర్త చనిపోయి, ఆయన రెండో భార్య దిక్కులేనిదైతే, ఆమెకి నీడ ఇచ్చి, పని నేర్పించి, సొంత కాళ్ళమీద నిలబెట్టింది కూడా దుర్గాబాయే. ఇది చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

చిన్నప్పుడే ఆడపిల్లల కోసం హిందీ బడి నడిపారు. పన్నెండేళ్ళ వయసులో, కాకినాడ వచ్చిన గాంధీగారిని దేవదాసీలు, ముస్లిం స్త్రీలు కలుసుకునేలా పట్టుబట్టి ఏర్పాటు చేశారు. 1923 కాకినాడ కాంగ్రెస్ అప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా ఉండి, టికెట్టు లేదని నెహ్రూగారినే ఆపేశారు. ఈ కథ అందరూ చెబుతారు, కాబట్టి నేను పొడిగించను.

ఆమెను మార్చింది జైలు అని నాకు అనిపిస్తుంది. 1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకి వెళ్ళారు. తర్వాత మదురై జైల్లో ఒంటరి గదిలో కూడా ఉన్నారు. అక్కడి ఆడ ఖైదీలలో చాలామందికి చదువు రాదు, చట్టం తెలియదు, తమ తరఫున ఏం చెప్పుకోవాలో కూడా తెలియదు. బయటికి వచ్చాక ఆమె ఉపన్యాసాలు తగ్గించి పుస్తకాలు పట్టారు. ముందు బెనారస్ మెట్రిక్, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రంలో బి.ఏ. ఆనర్స్. వాల్తేరులో ఆడపిల్లలకి హాస్టల్ లేదన్నారు. అయితే ఆమె పేపర్లో ప్రకటన వేయించి, చదువుకోవాలనుకునే అమ్మాయిలని పోగుచేసి, తామే హాస్టల్ నడుపుకున్నారు. ఆపై మద్రాసులో లా చదివి 1942లో వకీలు అయ్యారు.

ఈ చదువు మధ్యలోనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. మైలాపూరులో చిన్నపిల్లల బృందంగా పుట్టి, మధ్యలో చదువు మానేసిన స్త్రీలకి మెట్రిక్ క్లాసులుగా పెరిగింది. కానీ క్లాసుకి వచ్చే ఆవిడకి ఇంట్లో పసిబిడ్డ ఉంటుంది, బిడ్డకి జ్వరం వస్తే క్లాసు పోతుంది, సంపాదన లేకపోతే మొగుడు పంపడు. అందుకే చదువుతో పాటు చేతిపని నేర్పారు, నర్సింగ్ హోమ్ పెట్టారు, నర్సులకి, టీచర్లకి శిక్షణ ఇచ్చారు. తర్వాత హైదరాబాదులో కూడా సభ వేళ్ళూనింది.

1946లో రాజ్యాంగ సభకి వెళ్ళారు. 1952లో ప్రణాళికా సంఘం సభ్యురాలు అయ్యారు. 1953 జనవరిలో ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌ని పెళ్ళి చేసుకున్నారు. అదే ఏడాది ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి ఆమే మొదటి అధ్యక్షురాలు. బోర్డు పథకంలో కొన్ని పల్లెలని కలిపి గ్రామసేవిక, మంత్రసాని, చేతిపని నేర్పే టీచరు ఒకే జట్టుగా పనిచేశారు. పాప బాలవాడికి, అమ్మ కుట్టుపనికి, గర్భిణి మంత్రసాని దగ్గరికి వస్తారు. ముగ్గురు పనివాళ్ళూ చూసేది ఒకే కుటుంబాన్ని. 1958లో పెద్దయిన స్త్రీలు తక్కువ కాలంలో బడి చదువు పూర్తిచేసే కోర్సులు కూడా ఈ బోర్డే మొదలుపెట్టింది. చదువు పూర్తయినవాళ్ళు మళ్ళీ అవే ఊళ్ళకి నర్సులుగా, టీచర్లుగా, సేవికలుగా వెళ్ళాలని ఉద్దేశం. 1953లో చైనా వెళ్ళి చూసి వచ్చాక, కాపురం గొడవలకి వేరే కోర్టులు ఉండాలని మన దేశంలో మొదట గట్టిగా అడిగినవాళ్ళలో ఆమె ఒకరు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. చూడ్డానికి ఆమె లేరు, 1981 మే 9న కన్నుమూశారు.

ఇప్పుడు సోషల్ వర్క్, కౌన్సెలింగ్ పీజీ చదువుల్లో వ్యవస్థా సిద్ధాంతం అని ఒక పాఠం ఉంటుంది. మనిషిని విడిగా చూడొద్దు, ఇల్లు, బడి, పని, ఆసుపత్రి అన్నీ కలిపి చూడు, ఒకచోట తీగ లాగితే ఇంకోచోట కదులుతుంది అని దాని సారం. 1950లలో అమెరికాలో గ్రెగరీ బేట్సన్ లాంటివాళ్ళు దీన్ని కుటుంబాల విషయంలో ఆలోచిస్తున్న కాలంలోనే, మన దుర్గాబాయమ్మ ఆ పేరు పెట్టకుండా పల్లెల్లో ఆచరణలో పెట్టారు. ఆమె సిద్ధాంతం రాయలేదు, పనివాళ్ళని తయారుచేశారు. 1968లో ప్రణాళికా సంఘం తెచ్చిన భారత సాంఘిక సేవా విజ్ఞాన సర్వస్వం మాత్రం ఆమె పర్యవేక్షణలోనే వచ్చింది.

ఇదంతా పాతకథ అనుకోకండి. మా వీధిలో నాకు తెలిసిన ఒక అమ్మాయి పోయినేడు ఇంకో కాలేజీలో చదువు మానేసింది. వాళ్ళ నాయనమ్మకి పక్షవాతం అని ఆసుపత్రికి తెలుసు. తమ్ముడు బడికి రావట్లేదని వాళ్ళ టీచరుకి తెలుసు. ఈ పిల్లకి అటెండెన్స్ లేదని కాలేజీకి తెలుసు. వాళ్ళమ్మ ఎక్స్‌పోర్ట్ కంపెనీలో కుట్టుపనికి పోతుంది, లీవు పెడితే జీతం కట్. ముగ్గురికీ మూడు ముక్కలు తెలుసు, మూడూ కలిపి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ పిల్ల ఇప్పుడు ఇంట్లోనే ఉంది. ముసలావిడకి రోజూ ఒక్క పూట చూసుకునే మనిషి దొరికి ఉంటే మానేది కాదని వాళ్ళమ్మే మా అమ్మతో తమిళంలో చెప్పి ఏడ్చింది.

అందుకని నాదొక మనవి. మీరు టీచరైతే, ఒక పిల్ల వారం రోజులు రాకపోతే ఆ ఇంట్లో ఎవరికి బాగోలేదో అడగండి. నర్సైతే, మంచం పక్కన కూర్చున్న అమ్మాయి ఏం చదువుతోందో, ఈరోజు కాలేజీకి ఎందుకు వెళ్ళలేదో అడగండి. నేను సోషల్ వర్క్ చదివితే మీ ఇద్దరి ఫోన్ నంబర్లూ నా దగ్గర ఉంటాయి, అర్ధరాత్రైనా ఫోన్ చేస్తాను, విసుక్కోకండి.

— రెండవ సంవత్సరం బి.ఏ. విద్యార్థిని