సుంకులమ్మ కుమారుడు

నెలలో మొదటి ఆదివారం మన పల్లె సంఘాలలో కానుక పళ్లెం తిరిగేటప్పుడు వెనుక వరుసల్లో కూర్చునే వృద్ధ తల్లులను గమనించండి. కొంగుముడి విప్పి వారు వేసే నోటు చాలా చోట్ల పింఛను డబ్బులోదే. ఒకటో తేదీన చేతికి వచ్చినదాంట్లో మందులకు కొంత, కిరాణా బాకీకి కొంత, మనవడి నోటు పుస్తకాలకు కొంత పోగా, దేవుని భాగం మాత్రం మరచిపోరు. కర్నూలు, కడప జిల్లాల్లో సేవ చేస్తున్న కాపరులకు ఇది తెలిసిన సంగతే. అయితే మన రాష్ట్రంలో ఈ పింఛను ఎవరి హయాంలో మొదలైందని యువజనుల కూడికలో అడిగి చూడండి. చేతులు పెద్దగా లేవవు.

ఆయన పేరు దామోదరం సంజీవయ్య. కర్నూలు పక్కనే ఉన్న పెద్దపాడులో 1921 ఫిబ్రవరి 14న పుట్టారు. తల్లి సుంకులమ్మ, తండ్రి మునెయ్య. ఊరి వెలుపల పేటలో ఉండే మాల కుటుంబం. సొంత భూమి లేదు, కూలి చేస్తేనే కూడు. బిడ్డ కళ్లు తెరిచిన కొద్ది రోజులకే తండ్రి కన్నుమూశాడు. సుంకులమ్మ పిల్లలను వెంటబెట్టుకుని మేనమామ నీడకు పాలకుర్తి వెళ్లింది. అక్కడ సంజీవయ్య పశువులు కాశారు. తిరిగి పెద్దపాడు వచ్చాక అన్న చిన్నయ్య తాను కూలికి పోతూ తమ్ముణ్ణి బడికి పంపాడు. చరిత్ర పుస్తకాల్లో ఈ చిన్నయ్యకు దక్కేది ఒక్క వాక్యమే. ఆయన చెమట లేకుంటే తక్కిన కథే లేదు.

పల్లెలో నాలుగో తరగతి అయ్యాక ఆ పిల్లవాడు చేరింది కర్నూలులోని అమెరికన్ బాప్టిస్టు మిషను పాఠశాలలో. ఆ తరువాత 1935లో మునిసిపల్ హైస్కూలు, ఆపైన అనంతపురం దత్తమండల కళాశాల. మిషను బడిలో చదివాడు కాబట్టి ఆయన మనవాడని చెప్పుకోవడానికి ఈ మాట రాయడం లేదు. ఆ రోజుల్లో మన పెద్దలు తెరిచిన బడి తలుపు ఏ పేట పిల్లవాడు వచ్చినా మూసుకోలేదు. ఈనాడు మన సంస్థల ఫీజుల బోర్డు చూసినప్పుడు ఆ సంగతి గుర్తుకు వచ్చి కాస్త బాధ కలుగుతుంది.

యుద్ధకాలంలో పట్టభద్రుడికి దొరికింది కర్నూలు రేషను కార్యాలయంలో గుమాస్తా పని. బియ్యం కార్డు కోసం వరుసలో నిలబడినవారి ముఖాలను కిటికీకి ఇవతల నుంచి చూసిన మొదటి అనుభవం అదే అయి ఉంటుంది. మద్రాసులో ఒక పాఠశాలలో లెక్కలు చెప్పుకుంటూ 1948లో న్యాయశాస్త్రం పూర్తి చేశారు. 1950లో తాత్కాలిక పార్లమెంటులో సభ్యుడయ్యారు. 1952లో కర్నూలు నుంచి మద్రాసు శాసనసభకు గెలిచి, ముప్పై ఒక్క ఏళ్లకే రాజాజీ మంత్రివర్గంలో చేరారు. సహకారం, గృహనిర్మాణం ఆయన శాఖలు.

ఇక్కడ ఒక చేదు విషయం దాచకూడదు. బడి సమయాన్ని తగ్గించి, మిగతా వేళ పిల్లలు ఇంటివృత్తి నేర్చుకోవాలన్న 1953 నాటి విద్యా పథకం ఆ మంత్రివర్గానిదే. కులవృత్తి చదువని జనం దానిపై తిరగబడ్డారు. అన్న కూలి డబ్బులతో ఆ బంధనం నుంచి బయటపడిన సంజీవయ్య అదే మంత్రివర్గంలో కూర్చుని ఉన్నారు. గొప్పవారి జీవితం చెప్పేటప్పుడు ఇలాంటివి విడిచిపెట్టడం మన సంఘ చరిత్రలు రాసేవారికీ అలవాటే. బైబిలు మాత్రం దావీదు విషయంలో ఆ పని చేయలేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. కట్టడాలు చాలక కార్యాలయాలు డేరాల్లో నడిచాయి. ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో సంజీవయ్య ఆరోగ్య మంత్రి. హరిజనాభ్యుదయం కూడా ఆయన చూశారు. కడప కోటిరెడ్డిగారు అదే మంత్రివర్గంలో ఉన్నారు. 1937 నవంబరు 16న మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక మీద సంతకం చేసిన పెద్దమనిషి ఆయన. కృష్ణ, తుంగభద్ర నీళ్లలో సీమకు మొదటి హక్కు ఉండాలన్న మాట అందులో ఉంది. మద్రాసుకు రైలెక్కి, పేరు తెలియని గుమాస్తా ముందు చేతులు కట్టుకుని నిలబడే బాధ మూడేళ్లపాటు మన జిల్లాలవారికి తప్పింది. పశువులు కాసిన కుర్రవాడు అదే నేలమీద మంత్రిగా కూర్చుని, శాసనసభ్యులు తెచ్చిన అర్జీలు అందుకున్నాడు. బావి లేదు, ఆసుపత్రి లేదు, పేటకు దారి లేదు. ఆ కాగితాల్లో ఏముంటుందో చదవకముందే తెలిసిన మంత్రి అంతకు ముందు ఎందరున్నారు?

తరువాత గోపాలరెడ్డిగారి దగ్గర, నీలం సంజీవరెడ్డిగారి దగ్గర కూడా మంత్రిగా పనిచేశారు. 1960 జనవరి 11న ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి నలభై నిండలేదు. దేశంలో ఏ రాష్ట్రానికైనా దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు. పార్టీలోని వర్గాల లెక్కల మధ్య వచ్చిన పదవి అది. నిలిచింది రెండేళ్ల రెండు నెలలు.

వృద్ధాప్య పింఛను ఆ రెండేళ్లలో వచ్చింది. దాని వెనుక సుంకులమ్మ ఉందని మన ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు, కథగానే చెబుతున్నాం. ముఖ్యమంత్రి అయిన కొడుకు తల్లిని చూడటానికి పెద్దపాడు వచ్చి ఖర్చులకు డబ్బు ఇచ్చాడట. ఆమె తీసుకుని, నాకు నీవున్నావు సరే, కొడుకు లేని ముసలివాళ్లకు ఎవరున్నారని అడిగిందట. సంఖ్యాకాండము 27వ అధ్యాయం ఎరిగినవారికి ఇది కొత్తగా అనిపించదు. తండ్రి పోయి, అన్నదమ్ములు లేని సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు ప్రత్యక్షపు గుడారపు ద్వారం దగ్గర మోషే ఎదుట, యాజకుని ఎదుట, ప్రధానుల ఎదుట నిలబడ్డారు. వారు అడిగింది తమ తండ్రి స్వాస్థ్యం మాత్రమే. దేవుడు వారికది ఇచ్చి ఊరుకోలేదు, ఇశ్రాయేలు అంతటికీ దాన్ని కట్టడగా చేయమన్నాడు. ఒక ఇంటి మొర రాష్ట్రమంతటికీ నియమం కావడం, సంజీవయ్యగారి పనిలో మనకు కనిపించే అసలు సంగతి ఇదే. మనవాళ్లకు ఒక ఉద్యోగం, మన పేటకు ఒక కొళాయి ఇప్పించి చేతులు దులుపుకోవడం ఆయనకు తెలియక కాదు. పింఛను అడగటానికి వచ్చిన ముసలమ్మను నీది ఏ కులం, ఏ మతం అని అడగాల్సిన పని లేకుండా చేశారు.

మిగతావి త్వరగా చెప్పుకుందాం. 1961 జనవరి 2న అవినీతి నిరోధక శాఖ మొదలైంది. నిర్బంధ ప్రాథమిక విద్యా చట్టం ఆ ఏడాదిదే. భూమిలేనివారికి ఆరు లక్షల ఎకరాలకు పైగా బంజరు పంచారని లెక్క చెబుతారు. సీమవాళ్లం కనుక మనం ఒక మాట కలపాలి. నీళ్లు లేని చోట పట్టా కాగితం సగం వరమే. పట్టా పెట్టెలో పెట్టి, ఇంటికి తాళం వేసి, కోసిగి, ఆదోని వైపు పల్లెలవారు ఈనాటికీ గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోతున్నారు. వారితోపాటు పిల్లల చదువూ పోతోంది, ఆదివారపు బడీ పోతోంది. హంద్రీ నది మీది గాజులదిన్నె జలాశయానికి సంజీవయ్య సాగర్ అని పేరు పెట్టారు. ఆ పేరుకు తగినట్టు ప్రతి ఏడూ నీళ్లుండాలి కదా.

1962 ఎన్నికల్లో కోడుమూరు నుంచి గెలిచినా ముఖ్యమంత్రి పదవి మళ్లీ సంజీవరెడ్డిగారికి వెళ్లింది. సంజీవయ్య కాంగ్రెసు అధ్యక్షుడయ్యారు. ఆ స్థానంలో కూడా దళితుడు కూర్చోవడం అదే మొదలు. 1964లో కేంద్ర కార్మిక మంత్రి. ఫ్యాక్టరీ కార్మికులకు బోనసును చట్టబద్ధమైన హక్కుగా చేసిన 1965 చట్టం ఆయన ఆ శాఖలో ఉండగా వచ్చింది. దీపావళికో క్రిస్మస్‌కో యజమాని దయతలచి ఇచ్చే బహుమానం హక్కుగా మారింది.

ప్రియ పాఠకులారా, మన సంగతి ఒకటుంది. సంజీవయ్య పార్లమెంటులో అడుగుపెట్టిన 1950లోనే, ఆగస్టు 10న, షెడ్యూల్డు కులాల రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఒకే పేటలో, ఒకే బావి దగ్గర అంటరానితనం అనుభవించినవారిలో బాప్తిస్మం తీసుకున్నవారు ఆ జాబితా బయట ఉండిపోయారు. మన రాష్ట్రంలో 1970లో బి.సి.-సి కింద ఒక్క శాతం దక్కింది. 2023 మార్చిలో శాసనసభ తీర్మానం చేసి కేంద్రాన్ని కోరింది. మన ప్రతినిధులు ప్రతి మంత్రికీ ఈ వినతిపత్రం ఇస్తూనే ఉన్నారు, ఇవ్వాలి కూడా. అయితే శ్మశాన స్థలం, ప్రహరీ గోడ, సామాజిక భవనం కాక మన కాగితంలో ఇంకేముంటోంది? సుగ్గికి పోయే పిల్లలకు హాస్టలు అడిగామా? పింఛను ఆగిపోయిన దూదేకుల ముసలమ్మ పేరు మన జాబితాలో రాశామా? ఎమ్మెల్యేగారి వాకిట నిలబడే మన సంఘ పెద్దలను కించపరచడానికి ఇలా అడగడం లేదు. మేమూ ఆ వాకిట నిలబడినవాళ్లమే.

సంజీవయ్యగారు 1972 మే 7న ఢిల్లీలో గుండెపోటుతో మరణించారు. అప్పుడు కాంగ్రెసు అధ్యక్ష పదవిలో ఉన్నారు. వయసు యాభై ఒకటి. అంటే తాను మొదలుపెట్టిన పింఛను అందుకునే ఈడు ఆయనకు రానేలేదు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఆయన పేరుతో పార్కు ఉంది, విశాఖపట్నంలో న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. పెద్దపాడులో ఒకటో తేదీన తెల్లవారకముందే ముసలివాళ్లు వాకిళ్లలో కూర్చుని, డబ్బు పట్టుకొచ్చే ఉద్యోగి కోసం వీధి మొగదల వైపు చూస్తుంటారు.